లోపలినుంచి విరిగిన తాళం

ఈ ఊళ్ళో మన తెలుగువాళ్ళ ఇంట్లో తాళం పాడైతే నాకే ఫోన్ చేస్తారు. నాకో పేరుందని చాలామందికి గుర్తుండదు. వాళ్ళ ఫోన్లలో నేను ‘తాళాల అన్న’ని. కంప్యూటర్ ఉద్యోగానికని ఈ దేశం వచ్చాను, అది మూడేళ్ళకే ఊడింది. మా వీధిలో తాళాలు బాగుచేసే ముసలాయన దగ్గర చేరి పని నేర్చుకున్నాను. పద్దెనిమిదేళ్ళు గడిచాయి. మా అత్తగారి ఊళ్ళో మాత్రం నేనింకా కంప్యూటర్ల పనే చేస్తున్నాను.

మనవాళ్ళ ఇళ్ళ సంగతి వాళ్ళకంటే నాకే బాగా తెలుసు. ముందు తలుపుకి మూడు తాళాలు బిగించమంటారు. వెనక బాల్కనీ తలుపు చిటికెన వేలితో తోస్తే తెరుచుకుంటుంది. మెడనిండా నగలు వేసుకున్న ఫోటోలు గ్రూపుల్లో పెడతారు, ఫలానా తారీఖున ఊరెళ్తున్నామని కూడా అక్కడే చెబుతారు. చెప్పీ చెప్పీ నోరు నొప్పెట్టి, ఇప్పుడు అడిగిన తాళం బిగించి వచ్చేస్తున్నాను.

ఆ బుధవారం మధ్యాహ్నం ఫోన్ చేసినతను నాకు ముఖపరిచయం ఉన్నవాడే. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగస్థులు, పది నెలల పాప. పాపను చూసుకోవడానికి అతని అత్తగారు వచ్చి ఉంటున్నారు.

“అన్నా, మా ఇంట్లో దొంగలు పడ్డారు. పట్టపగలు, పదకొండింటికి. తాళం పగలగొట్టి లోపలికొచ్చారు.”

“మనుషులకేం కాలేదుగా?”

“లేదన్నా. అత్తయ్యగారు స్నానాలగదిలో పాపకి నీళ్ళు పోస్తున్నారట, చప్పుడు వినపడలేదట. బంగారం మొత్తం పోయింది. పోలీసులు వచ్చి చూశారు, నేనిప్పుడు వాళ్ళతో స్టేషన్‌కి వెళ్ళాలి. మీరొచ్చి కొత్త తాళం వేసేయండి. అత్తయ్యగారు ఇంట్లోనే ఉన్నారు, తలుపు ఎలాగూ తెరిచే ఉంది.”

ఆఖరి ముక్కకి తనే నవ్వబోయి ఆగిపోయాడు.

వాళ్ళది మూడో అంతస్తు. పొడుగాటి వరండాకి అటూ ఇటూ ఒకే రంగు తలుపులు పన్నెండు. మనవాళ్ళ తలుపేదో నంబరు చూడకుండానే చెప్పొచ్చు, గోడవారన చెప్పులు జతలు జతలుగా ఉంటాయి. నేనూ నా బూట్లు అక్కడే విప్పి, సంచి తీసుకుని లోపలికి వెళ్ళాను.

అత్తగారికి అరవై దాటి ఉంటాయి. సన్నగా, పొట్టిగా ఉన్నారు. నూలు చీర మీద అల్లుడి పాత స్వెటర్ వేసుకున్నారు. పాప లోపలి గదిలో నిద్రపోతోందని సైగ చేశారు. ఫ్రిజ్ తలుపు మీద కూతురు పెద్ద అక్షరాలతో రాసి అంటించిన కాగితం ఉంది. పాల వేళలు, డాక్టరు నంబరు, వాటి కింద ఎర్ర సిరాతో ‘ఎవరొచ్చినా తలుపు తీయొద్దు’ అని, దాని కింద రెండు గీతలు.

నేను తలుపు దగ్గర మోకాళ్ళ మీద కూర్చున్నాను. పోలీసులు ఏం చూశారో నాకు తెలియదు, వాళ్ళకి రోజూ పదిళ్ళు. నేను చూసేది తాళాన్నే కదా. తాళం లోపలివైపు పిడి వంగిపోయింది. దాని చుట్టూ ఉన్న రేకు మీద చిన్న చిన్న గుండ్రటి గుంటలు ఏడెనిమిది. ఒకటి రెండు గురి తప్పి చెక్క మీద పడ్డాయి. లేచి బయటివైపుకి వెళ్ళి చూశాను. రంగు మీద గీత కూడా లేదు. బయటినుంచి పగలగొట్టేవాడు గడ్డపలుగు సందులో దూర్చి పెళ్ళగిస్తాడు, చెక్క చీలుతుంది. ఇక్కడ చెక్క చక్కగా ఉంది. మళ్ళీ లోపలికొస్తే వంటగట్టు మీద, కడిగి బోర్లించిన గిన్నెల పక్కన, అల్లం దంచుకునే చిన్న ఇనప రోకలిబండ కనిపించింది. దాని అంచు ఆ గుంటలకి సరిపోతుందని ఏ కొలతా పెట్టకుండానే తెలుస్తోంది.

నాకు వెంటనే కోపమొచ్చింది. ఆవిడ మీద కాదు. ఎవరి మీదో తర్వాత చెబుతాను.

“పిన్నిగారూ, తలుపు ఎటునుంచి కొట్టారు?”

“బయటనుంచే. దొంగలు ఇంట్లోంచి వస్తారా నాయనా?”

“దెబ్బలన్నీ లోపలివైపున్నాయండీ.”

ఆవిడ చీర చెంగు సర్దుకున్నారు. స్వెటర్ బొత్తాం పెట్టుకున్నారు, తీశారు, మళ్ళీ పెట్టుకున్నారు. పాప గదివైపు చూశారు. తర్వాత నా ఎదురుగా నేలమీదే కూలబడ్డారు.

“తీయకూడదనే అనుకున్నాను నాయనా. గంట కొట్టారు, తలుపు కన్నంలోంచి చూశాను. ఇద్దరు. మెళ్ళో కార్డులు, చేతిలో ఫైలు, సంచి. నేను పలకలేదు. అప్పుడా పెద్దవాడు ఏం చేశాడో తెలుసా? వంగి బూట్ల తాళ్ళు విప్పాడు. విప్పి, మా చెప్పుల పక్కన జతగా పెట్టాడు. రెండోవాడూ అంతే. నేనొచ్చి నాలుగు నెలలైంది, ఈ దేశంవాడొక్కడు బూట్లు విప్పి గడప తొక్కడం చూడలేదు. మొన్న పైపు బాగుచెయ్యడానికి వచ్చినవాడు బురద బూట్లతో వంటింట్లోకే వచ్చేశాడు, రెండ్రోజులు కడిగాను. వీడెవడో మర్యాద తెలిసిన మనిషి అనుకున్నాను. మన ఇళ్ళలో తిరిగినవాడు కాబోలు అనుకున్నాను.”

మన ఇళ్ళలో తిరిగినవాడే. అందులో ఆవిడ పొరపడలేదు.

“హీటర్ చూడాలని సైగ చేశారు. ఒకడు లోపల చూస్తున్నాడు, ఒకడు హాల్లో నిలబడ్డాడు. పది నిమిషాల్లో వెళ్ళిపోయారు. తర్వాత పాప గౌను కోసం బీరువా తీస్తే...” ఆవిడ ఖాళీ చేతులు చూపించారు. “కాళ్ళూ చేతులూ ఆడలేదు. అమ్మాయికి ఏం చెప్పను? ఆ రోకలి కనపడింది. పాప ఏడుస్తుంటే మంచం మీద వదిలేసి తలుపు బాదాను.”

స్క్రూలు విప్పుతూ కూర్చున్నాను. ఇలాంటప్పుడు చేతికి పని ఉండటం మంచిది.

“నువ్వు చెప్పకు నాయనా,” అన్నారావిడ. “బంగారం గురించి కాదు. బంగారం పోతే అది నన్ను నాలుగు రోజులు తిడుతుంది, పడతాను. తలుపు తీశానని తెలిస్తే మాత్రం పాపని నాకు వదలదు. అల్లుడు మొదటినుంచీ పిల్లల్ని చూసుకునే క్రెష్‌లో వేద్దామంటున్నాడు, నేనే పట్టుబట్టి వచ్చాను. మీ బాబాయిగారు పోయాక రెండేళ్ళు పొద్దున్నే ఎందుకు లేవాలో తెలిసేది కాదు నాకు. ఇక్కడికొచ్చాక లేస్తున్నాను. ఆ పిల్ల లేపుతోంది. అంతకంటే నాకింకేం అక్కర్లేదు.”

సరేనంటే అయిపోయేది. పాత తాళం నా సంచిలో వేసుకుని వెళ్ళిపోతే ఆ గుంటలు చూసేవాడెవడు? కానీ నా కోపం సంగతి చెబుతానన్నాను కదా. ఆ కోపం నా మీదే.

మూడు వారాల కిందట, ఇక్కడికి నాలుగు వీధుల అవతల ఇంకో ఇంటికి వెళ్ళాను. అక్కడా పట్టపగలే. కొడుకూ కోడలూ ఆఫీసుల్లో ఉన్నారు, రిటైరైన పంతులమ్మగారు ఒక్కరే ఉన్నారు. బాల్కనీ తలుపు అద్దం పగలగొట్టి దొంగలు వచ్చారని చెప్పారు. అద్దం ముక్కలన్నీ బాల్కనీలో పడి ఉన్నాయి. బయటినుంచి కొడితే గదిలో పడాలి. ఆవిడ నావైపు చూశారు, నేను ఆవిడవైపు చూశాను. పెద్దావిడ, మా అమ్మ వయసు. పరువు పోగొట్టడం ఎందుకులే అనుకున్నాను. చీపురు తీసుకుని ఆ ముక్కల్ని నేనే గదిలోకి ఊడ్చాను. అంతటితో ఆగానా? అద్దం పలచగా ఉందని వాళ్ళబ్బాయికి నేనే చెప్పాను. మంచిపని చేశానని ఆ రోజు అన్నం రెండు ముద్దలు ఎక్కువే తిన్నాను.

ఇదంతా పిన్నిగారికి చెప్పాను. దాచలేదు.

“అంటే ఆవిడ కూడా తీసిందంటావా తలుపు?”

“తీసే ఉంటారు. వీళ్ళకే.”

ఆవిడ మొహం ఎర్రబడింది. “ముందే ఒక్క మాట చెప్పి ఉంటే నేను తీసేదాన్నా? పంతులమ్మ అట! పదిమందికి చదువు చెప్పిందట! నువ్వైనా చెప్పాలి కదయ్యా. ఇంత వయసొచ్చింది, నీకు బుద్ధుండక్కర్లా? ఆ పంతులమ్మ పరువు కోసం నా కొంప...”

అక్కడ ఆగిపోయారు. తిట్టేవాళ్ళు మధ్యలో ఆగితే నాకు భయం. ఆవిడ నావైపు కాకుండా ఆ పాత తాళం వైపు చూస్తున్నారు. కాసేపటికి, “ఇప్పుడు నేనూ నోరు మూసుకుంటే ఇంకో ఇల్లు,” అన్నారు. నేనేమీ అనలేదు. అంటే బలవంతపెట్టినట్టవుతుంది. అనకపోయినా అయిందేమో, చెప్పలేను.

నాలుగున్నరకి కూతురు వచ్చింది. ఆసుపత్రి ల్యాబులో పని, తెల్లకోటు చేతి మీద అలాగే ఉంది. వస్తూనే నిద్రపోతున్న పాపని ఎత్తుకుని భుజాన వేసుకుంది. వెనకే అల్లుడు ఒక కాగితం పట్టుకొచ్చాడు.

“అన్నా, ఇన్సూరెన్సువాళ్ళకి మీ సంతకం కావాలట. తాళం బయటినుంచి పగలగొట్టారని రెండు ముక్కలు రాయండి చాలు.”

నేను పెన్ను తీసుకున్నాను. పిన్నిగారు వంటింటి గుమ్మంలో నిలబడి ఉన్నారు. ఆ నిమిషంలో ఆవిడ నోరు విప్పకపోతే నేనేం చేసేవాణ్ణో ఇప్పటికీ నాకు తెలియదు. రాసేవాణ్ణేమో కూడా.

“అతను రాయడు,” అన్నారావిడ. “తలుపు నేనే తీశాను.”

ఉన్నది ఉన్నట్టు చెప్పారు. కార్డులు, బూట్లు, హీటరు, బీరువా, రోకలిబండ. నాకు చెప్పినదాంట్లో ఏదీ మింగలేదు. అల్లుడు సోఫా అంచున కూర్చుని, “అత్తయ్యగారూ, పోలీసులకి కూడా అబద్ధం చెప్పారా?” అని నోరు తెరిచాడు. కూతురు అరుస్తుందనుకున్నాను. అరవలేదు. చాలా మెల్లిగా ఒకే ఒక్కటి అడిగింది.

“అమ్మా, అప్పుడు పాప ఎక్కడుంది?”

పిన్నిగారు చీర చెంగు వేలికి చుట్టుకున్నారు.

“పాప ఎక్కడుందమ్మా?”

“పెద్దవాడు మంచినీళ్ళు అడిగాడు,” అన్నారావిడ. “గ్లాసులు రెండూ పట్టుకోవాలంటే రెండు చేతులూ కావాలి. పాప వాడివైపు చేతులు చాపింది. వాడు నవ్వి ఎత్తుకున్నాడు. నేను... ఇచ్చాను. వాళ్ళు వెళ్ళేదాకా వాడి దగ్గరే ఉంది. వెళ్ళేటప్పుడు నా చేతికిచ్చాడు. ఈ వారమే నేర్పాను కదా. వాడికి టాటా చెప్పించాను.”

నాతో ఈ ముక్క చెప్పలేదు. బీరువా గురించి చెప్పారు, రోకలి గురించి చెప్పారు, ఇది మింగేశారు. ఆవిడ నిజంగా దాచుకున్నది ఇదన్నమాట.

కూతురు నిలబడ్డచోటే నేలమీద కూర్చుండిపోయింది. పాపని ఒళ్ళో పడుకోబెట్టుకుని చేతులూ కాళ్ళూ వేళ్ళూ ఒక్కొక్కటే తడిమి చూసుకుంది. గౌను పైకెత్తి పొట్ట చూసింది. మెడ దగ్గర వాసన చూసింది. పాప మేలుకుని, ఇంతమందిని చూసి సంబరపడి, చెయ్యి ఊపింది. పిన్నిగారు గుమ్మం పట్టుకుని అక్కడే నిలబడిపోయారు. దగ్గరకి రాలేదు.

కాగితం మీద నేను చూసింది చూసినట్టు రాసి సంతకం పెట్టాను. అల్లుడు దాన్ని చదివి, మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఇక ఇన్సూరెన్సు పైసా రాదని వాళ్ళ ముగ్గురికీ తెలుసు. నన్నెవరూ ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేదనిపించింది.

నేను కొత్త తాళం బిగిస్తుంటే పిన్నిగారు ఫోన్ తీశారు. పిల్లల దగ్గరకి వచ్చి ఉంటున్న అమ్మలూ అత్తగార్లూ కలిసి పెట్టుకున్న గ్రూపు ఒకటుంది. పొద్దున్నే పూల బొమ్మలు, కాళ్ళనొప్పులకి చిట్కాలు, కోడళ్ళ మీద పేర్లు లేని ఫిర్యాదులు. ఆవిడ ఫోన్‌ని నోటి దగ్గర పెట్టుకుని, అక్షరం అక్షరం విడమరిచి మాట్లాడారు.

“అందరికీ నమస్కారం. ఇవాళ మా ఇంట్లో దొంగతనం జరిగింది. తలుపు నేనే తీశాను. ఇద్దరొచ్చి మన ఇళ్ళలోలాగా బూట్లు విప్పి పక్కన పెట్టారు, అది చూసి నమ్మాను. మీ ఇంటికీ వస్తారు. ఎంత మర్యాదగా ఉన్నా తీయకండి. నా చేతిలో పసిపిల్ల ఉంది, ఆ పిల్లని కూడా వాడి చేతికిచ్చాను. నాలాగా చెయ్యకండి.”

ఆఖరి వాక్యం దాకా ఎక్కడా ఆపలేదు. పంపేశారు. పది నిమిషాలు గ్రూపులో ఎవరూ మాట్లాడలేదు, పొద్దున్నుంచి రాత్రిదాకా మోగే గ్రూపు. తర్వాత పంతులమ్మగారి గొంతు వచ్చింది. “నేను కూడా తీశానండీ. నాకూ అలాగే చేశారు. సిగ్గుపడి చెప్పలేదు. నన్ను క్షమించండి.” పిన్నిగారు దాన్ని రెండుసార్లు విన్నారు. తిట్టలేదు.

కొత్త తాళానికి మూడు తాళంచెవులు వస్తాయి. మూడూ కూతురి చేతిలో పెట్టాను. ఒకటి భర్తకిచ్చింది. ఒకటి తన గుత్తికి తగిలించుకుంది. మూడోది కాసేపు అరచేతిలో పట్టుకుని, వాళ్ళమ్మవైపు చూడకుండా తన హ్యాండ్‌బ్యాగులో వేసుకుంది. జిప్పు లాగింది.

సోమవారం నుంచి పాపని క్రెష్‌లో వేశారని అల్లుడే చెప్పాడు, మళ్ళీ ఎందుకో ఫోన్ చేసినప్పుడు. పిన్నిగారు పోలీసుల దగ్గరకి వెళ్ళి ఈసారి నిజం చెప్పి వచ్చారట. వాళ్ళు పెద్దగా ఏమనలేదట, ఆవిడ వయసు చూసి. ఎలా ఉన్నారని అడిగాను. “బాగానే ఉన్నారన్నా. పొద్దున లేటుగా లేస్తున్నారు,” అన్నాడు. అతనికి అది పెద్ద విషయంలా అనిపించలేదు.

నేను మాత్రం ఆ మాట వారం రోజులు మోశాను. ఆవిడని చెప్పమన్నది నేనా, కాదా? అద్దం ముక్కలు ఊడ్చినప్పుడు ఒకరికి చెడు చేశాను, ఈసారి నిజం వైపు నిలబడి ఇంకొకరికి చేశాను. ఇంత చదువు చదివి, పద్దెనిమిదేళ్ళు ఇంటింటికీ తిరిగి, నాకు వచ్చింది స్క్రూలు బిగించడమొక్కటే.

తర్వాతి గురువారం ఆ ఇద్దరు దొంగలూ మూడో ఇంటికి వెళ్ళారు. అక్కడున్నది కంటిచూపు సరిగ్గా లేని ఒక అత్తగారు, గ్రూపులో పిన్నిగారి మాట విన్నావిడ. కన్నంలోంచి మనిషి వంగడం కనిపించిందట, అంతే, ఇంకేం చూడలేదట. తలుపుకి కుర్చీ అడ్డం పెట్టి కోడలికి ఫోన్ చేసింది. పోలీసులు వచ్చేలోపు వాళ్ళు జారుకున్నారు కానీ లిఫ్టు కెమెరాలో మొహాలు పడ్డాయి. మర్నాటికి ఒకడు దొరికాడు. ఆ కోడలు పనిచేసేది పిన్నిగారి కూతురితోనే, ఒకే ల్యాబు, ఒకే బల్ల. ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. ఆ కోడలికి మూడు నెలల మగపిల్లాడు, ఆ రోజు వాళ్ళ అత్తగారి ఒళ్ళోనే ఉన్నాడని మాత్రం తర్వాత తెలిసింది.

శనివారం పొద్దున్నే నా ఫోన్ మోగింది. “అన్నయ్యా, మా తాళానికి ఇంకో తాళంచెవి చేసివ్వాలి,” అంది కూతురు.

“మూడిచ్చాను కదమ్మా. పోయిందా?”

“పోలేదు. అది నా హ్యాండ్‌బ్యాగులో అలాగే ఉంది. అమ్మకి... కొత్తది కావాలి. మంగళవారం నుంచి మధ్యాహ్నం పాపని క్రెష్ నుంచి అమ్మే తీసుకొస్తుంది. ఇద్దరూ బయటినుంచి వస్తారుగా, తలుపు తీసుకోవాలి.”

అంతకంటే ఏమీ చెప్పలేదు. నేనూ అడగలేదు. తాళంచెవి కోసి, అంచులు నున్నగా అరగదీసి, సోమవారం పదకొండింటికి నేనే పట్టుకెళ్ళాను. అది ఇవ్వడానికి నేను వెళ్ళక్కర్లేదు, సాయంత్రం కూతురు వచ్చి తీసుకునేది. ఆవిడ చేతిలో నేనే పెట్టాలనిపించింది, ఆవిడ మొహం చూడాలనిపించింది.

గంట కొట్టాను. లోపల అడుగుల చప్పుడు తలుపు దాకా వచ్చి ఆగింది. కన్నం వెనక వెలుతురు ఆరింది. చూస్తున్నారు.

“నేనే పిన్నిగారూ, తాళాలవాణ్ణి. మీ తాళంచెవి తెచ్చాను.”

“నువ్వేనని తెలుసు నాయనా.”

“తీయండి మరి.”

లోపలినుంచి నెమ్మదిగా, బతిమాలుతున్నట్టు, “అమ్మాయి ఇంట్లో లేదు నాయనా. ఏమీ అనుకోకు. ఉత్తరాలు వేసే సందులోంచి పడెయ్యి,” అన్నారు.

సందు రేకు ఎత్తి తాళంచెవి లోపలికి జార్చాను. అది నేలమీద పడిన చప్పుడు రాలేదు. ఆవిడ చెయ్యి పట్టి ఉంచారు. “అందింది,” అన్నారు. “ఇక వెళ్ళిరా నాయనా.”

ఆవిడ చేసింది సరైన పని. నేను ఏళ్ళ తరబడి ఇంటింటికీ మొత్తుకున్నది అదే. అయినా ఆ మూడంతస్తులూ దిగుతుంటే నాకు ఏడుపాగలేదు.